పట్టాలు మారితే పాత పెట్టె కదులుతుందా?

విద్యార్థులారా! నంద్యాల స్టేషనులో రైలెక్కి గుంటూరు వైపో, గుంతకల్లు వైపో ఎప్పుడైనా ప్రయాణం చేశారా? ఈసారి వెళ్ళినప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి పట్టాల వంక ఒకసారి చూడండి. రెండు పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. దీన్ని బ్రాడ్‌గేజి అంటారు. మీ తాతగారిని అడిగితే ఇంకో సంగతి చెబుతారు. 1990ల దశకంలో మార్చేదాకా ఈ దారి మీటరుగేజిగా ఉండేది. అనగా పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు మాత్రమే.

ఇప్పుడు ఒక్క ప్రశ్న. కొత్త పట్టాలు వేసిన మర్నాడు పాత మీటరుగేజి పెట్టెను తెచ్చి వాటి మీద పెడితే ఏమవుతుంది? అది కదలదు సరికదా, నిలబడను కూడా నిలబడదు. పెట్టెలో ఏ లోపమూ లేదు. చక్రం అరగలేదు, ఇరుసు విరగలేదు. నిన్నటిదాకా వందలమందిని మోసిన పెట్టే అది. మారింది పెట్టె కాదు, దాని కింద ఉన్న దారి.

కంప్యూటరులో కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. మీ బడిలోని కంప్యూటరులో ఆపరేటింగు సిస్టమును కొత్తదానికి మార్చారనుకోండి. నిన్న చక్కగా పనిచేసిన మీ ప్రోగ్రాము ఈరోజు నోరు విప్పదు. తెర మీద అర్థంకాని ఎర్రని వాక్యాలు వస్తాయి. అప్పుడు చాలామంది విద్యార్థులు ఏం చేస్తారో తెలుసా? "నేనే ఏదో పాడుచేశాను" అని భయపడి, రాసిన ప్రోగ్రామును చెరిపేసి మళ్ళీ మొదటినుంచి రాస్తారు. సైన్సు ఫెయిరు రెండు రోజుల్లో ఉండగా నెలరోజుల కష్టాన్ని ఇలా చేజేతులా పోగొట్టుకున్న పిల్లలున్నారు. కొందరైతే "ఈ కంప్యూటరు విద్య నాకు రాదు" అని దానికి దూరమే అవుతారు. ప్రోగ్రాము పోతే మళ్ళీ రాసుకోవచ్చు. ధైర్యం పోతే తిరిగి తెచ్చుకోవడం కష్టం. అందుచేత ఈ జబ్బు ఎందుకు వస్తుందో, దానికి మందేమిటో తెలుసుకుందాం.

ప్రోగ్రాము ఒంటరిది కాదు

మీరు పైథాను భాషలో పది వరుసల ప్రోగ్రాము రాశారు. అది తనంత తాను పనిచేయదు. ఆ వరుసలను చదివి అర్థం చెప్పేందుకు ఇంటర్‌ప్రెటరు అనే మరో ప్రోగ్రాము కావాలి. బొమ్మలు గీయడానికీ, లెక్కలు కట్టడానికీ ఇతరులు ముందే రాసి పెట్టిన లైబ్రరీలు కావాలి. వీటన్నిటికీ జాగా ఇచ్చి, కీబోర్డునూ తెరనూ డిస్కునూ అందించేది ఆపరేటింగు సిస్టము. అన్నిటికీ అడుగున ఉండేది ప్రాసెసరు. ఈ పరివారాన్నంతా కలిపి "ప్రోగ్రామింగు వాతావరణం" అనవచ్చు.

ఆళ్ళగడ్డ శిల్పుల పని చూసినవారికి ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. విగ్రహం ఎంత అందంగా చెక్కినా, దాని అడుగున ఉన్న ముక్కు పీఠంలోని గుంటలో సరిగ్గా కూర్చోవాలి. పీఠాన్ని మార్చి కొత్తది పెడితే, గుంట కొలత ఒక్క అంగుళం తేడా వచ్చినా విగ్రహం నిలవదు. ఆపరేటింగు సిస్టమును మార్చడమంటే పీఠాన్ని మార్చడమే. ఇక తేడా ఎక్కడెక్కడ రాగలదో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి తేడా: చిరునామా మారింది

2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల ప్రత్యేక జిల్లా అయింది. అంతకుముందు రోజు వరకు ఆళ్ళగడ్డ కర్నూలు జిల్లాలోని ఊరు. మర్నాడు అది నంద్యాల జిల్లాలోని ఊరు. ఊరు అంగుళమైనా జరగలేదు. చిరునామా మాత్రం మారింది. కొత్తగా వచ్చిన ఉద్యోగి ఎవరైనా కర్నూలు జిల్లా పట్టికలో ఆళ్ళగడ్డ కోసం వెతికితే "లేదు" అనే జవాబే వస్తుంది.

మీరు కంప్యూటరుకు ఒక ఆజ్ఞ ఇచ్చినప్పుడు అదీ పట్టికనే చూస్తుంది. ఏయే ఫోల్డర్లలో వెతకాలో ఒక జాబితా దాని దగ్గర ఉంటుంది. దానికి "పాత్" అని పేరు. ఆ జాబితాలోని ఫోల్డర్లలో మీరు చెప్పిన పేరు కనబడకపోతే "కమాండ్ నాట్ ఫౌండ్" అని చెప్పి ఊరుకుంటుంది.

2020 ఏప్రిల్‌లో ఉబుంటు 20.04 విడుదలైనప్పుడు ఎందరికో ఈ అనుభవం కలిగింది. అలవాటుగా "పైథాన్" అని టైపు చేస్తే, అటువంటిది లేదని జవాబు వచ్చింది. పైథాను లేకనా? ఉంది, కాని "పైథాన్3" అనే పేరుతో ఉంది. పాత పైథాను 2కు 2020 జనవరి 1తో పోషణ ఆగిపోయింది. అందువల్ల ఉత్త పేరుతో పిలిస్తే పలికేవారు లేకపోయారు. కొత్త పేరుతో పిలిస్తే సరిపోతుంది. లేదా పాత పేరుతో పిలిచినా కొత్తదే పలికేట్టు చేసే చిన్న ప్యాకేజీ ఒకటి ఉబుంటులోనే దొరుకుతుంది. పాత చిరునామాకు వచ్చిన ఉత్తరాన్ని పోస్టుమాను కొత్త ఇంటికి చేర్చడం వంటిదే ఇది.

రెండవ తేడా: పీఠంలో గుంట మారింది

ఒక్కో పనికి కావలసిన లైబ్రరీలను ఒక ప్రత్యేకమైన అరలో పెట్టుకునే మంచి అలవాటు పైథానులో ఉంది. ఆ అరను వర్చువల్ ఎన్విరాన్‌మెంటు అంటారు. ఈ అరలో ఇంటర్‌ప్రెటరు పూర్తి నకలు ఉండదు. సాధారణంగా "అసలు పైథాను ఫలానా చోట ఉంది" అని చూపే ఒక గురుతు మాత్రమే ఉంటుంది.

డెబియన్ అనే లినక్సు వ్యవస్థ సంగతి చూడండి. మన సీ-డాక్ సంస్థ తయారుచేసిన బాస్ లినక్సుకు ఆధారం ఇదే. 2021 ఆగస్టులో వచ్చిన డెబియన్ 11లో పైథాను 3.9 ఉంది. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో 3.11 ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 3.13 ఉంది. 11 నుంచి 12కు మారిన యంత్రంలో పాత అరను తెరిస్తే, గురుతు పట్టుకుని వెళ్ళి 3.11 ను పిలుస్తుంది. ఆ 3.11 వచ్చి తన లైబ్రరీలకోసం "3.11" అనే పేరున్న ఫోల్డరులో వెతుకుతుంది. కాని లైబ్రరీలు ఉన్నది "3.9" అనే ఫోల్డరులో! ఫలితం, "మాడ్యూల్ దొరకలేదు" అనే సందేశం. వస్తువు ఇంట్లోనే ఉంది, వెతికేవాడు పక్క గదిలో వెతుకుతున్నాడు.

"అయితే ఆ ఫోల్డరు పేరు మార్చేస్తే పోలేదా?" అని మీలో చురుకైనవారు అడగవచ్చు. మంచి ప్రశ్నే. కొన్ని లైబ్రరీలు దానితో పనిచేయవచ్చు కూడా. కాని నంపై వంటి లెక్కల లైబ్రరీలలో కొంత భాగం ప్రాసెసరు భాషలోకి ముందే మార్చి ఉంటుంది. 3.9 కోసం అలా మార్చినది 3.11లో కుదురుకోదు. విగ్రహం ముక్కు వేరు, గుంట వేరు. కాబట్టి పాత అరను తీసేసి, కొత్త పైథానుతో కొత్త అర కట్టుకోవడమే సరైన మరమ్మతు.

మరొక చిక్కు కూడా ఉంది. డెబియన్ 12 మొదలుకొని, అర కట్టుకోకుండా నేరుగా సిస్టములోకి పిప్‌తో లైబ్రరీ ఎక్కించబోతే యంత్రం ఒప్పుకోదు. ఇది లోపమని విసుక్కునేవారున్నారు. కాని కారణం ఆలోచించండి. ఆపరేటింగు సిస్టము తన సొంత పనులకు కూడా అదే పైథానును వాడుకుంటుంది. హాస్టలు వంటశాలలో ఇరవైమందికి పప్పు ఉడుకుతుంటే, మీకు కారం కావాలని ఆ గిన్నెలో గుప్పెడు మిరపపొడి వేస్తారా? మీ గిన్నె మీరు వేరుగా పెట్టుకోండి అని చెప్పడమే యంత్రం చేస్తున్నది.

మూడవ తేడా: పట్టాలే మారాయి

మన తెలుగునాట కంప్యూటరు నేర్చిన రెండు తరాలవారికి పరిచయమైన నీలితెర ఒకటుంది. అది టర్బో సీ. బోర్లాండ్ సంస్థ 1987లో టర్బో సీని, 1990లో టర్బో సీ ప్లస్ ప్లస్‌ను విడుదల చేసింది. మన ఇంజనీరింగు కాలేజీలలో, కంప్యూటరు శిక్షణ కేంద్రాలలో ఎన్నో ఏళ్ళపాటు సీ భాషకు అదే ఓనమాలు దిద్దించిన పలక.

ఇది డాస్ కాలపు 16 బిట్ల ప్రోగ్రాము. 32 బిట్ల విండోసు తన లోపల ఒక చిన్న డాస్ యంత్రాన్ని నటింపజేసి దీన్ని నడిపేది. 64 బిట్ల విండోసు వచ్చాక ఆ ఏర్పాటు పోయింది. ప్రాసెసరు 64 బిట్ల పద్ధతిలో నడుస్తున్నప్పుడు, ఆ నటనకు ఆధారమైన పాత సౌకర్యం అందుబాటులో ఉండదు. 2021 అక్టోబరులో వచ్చిన విండోసు 11కు 32 బిట్ల రూపమే లేదు. విండోసు 10కు మామూలు పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసింది. కనుక కొత్త విండోసు వేసిన యంత్రంలో టర్బో సీ నేరుగా నడవదు. ఇదే మన మీటరుగేజి పెట్టె.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాము. ఇది పాత ప్రాసెసరునూ డాసునూ పూర్తిగా సాఫ్ట్‌వేరులోనే అనుకరిస్తుంది. అంటే బ్రాడ్‌గేజి పెట్టె లోపల చిన్న మీటరుగేజి దారి వేసి, దాని మీద పాత బండిని నడిపించడమన్నమాట. పాత పాఠం అలాగే చూడాలంటే ఇది మేలు. రెండవది, ప్రోగ్రామునే కొత్త పట్టాలకు తగినట్టు మార్చి, జీసీసీ వంటి నేటి కంపైలరుతో నడపడం. సీ ప్లస్ ప్లస్ భాషకు మొదటి అంతర్జాతీయ ప్రమాణం 1998లో వచ్చింది. టర్బో అంతకుముందే పుట్టింది. కాబట్టి దానిలో రాసిన కొన్ని మొదటి వరుసలను నేటి కంపైలరు గుర్తించదు. తెర తుడిచే ఆజ్ఞ వంటివి టర్బోకే ప్రత్యేకం. వాటిని తీసేసి, మొదటి వరుసలు సరిచేస్తే చాలా పాఠ్య ప్రోగ్రాములు నడుస్తాయి. ఇది కొంచెం శ్రమ. కాని నిలిచేది ఇదే.

నాలుగవ తేడా: అన్నిటికన్నా ప్రమాదకరమైనది

ఇంతవరకు చెప్పిన జబ్బులన్నీ అరిచి చెప్పే జబ్బులు. ప్రోగ్రాము ఆగిపోతుంది, మనకు తెలుస్తుంది. ప్రోగ్రాము నడుస్తూనే జవాబు మారిపోతే?

ఐదు రోజుల వర్షపాతం 12, 7, 0, 23, 5 మిల్లీమీటర్లు అనుకోండి. మొత్తం 47. సగటు కోసం 47/5 అని రాశారు. పైథాను 2 దీనికి 9 అని జవాబిస్తుంది. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే భిన్నం వదిలేయడం దాని పద్ధతి. 2008 డిసెంబరులో వచ్చిన పైథాను 3 ఆ పద్ధతి మార్చింది. అది 9.4 అంటుంది. వర్షపాతానికి 9.4 సరైనది. కాని 47 మంది విద్యార్థులను ఐదేసిమందిగా కూర్చోబెట్టే ప్రోగ్రాములో 9.4 జట్లు అంటే అర్థం లేదు. అక్కడ 9 జట్లు, మిగిలినవారు ఇద్దరు అని రావాలి. అటువంటి చోట కొత్త పైథానులో 47//5 అని రెండు గీతలు గీయాలి. చూశారా, ఒకే వరుస, రెండు జవాబులు!

ఇంకొకటి. టర్బో సీలో మామూలు పూర్ణాంకానికి 16 బిట్ల చోటే ఉంటుంది. అందులో -32768 నుంచి 32767 వరకే పడతాయి. 7 ఫాక్టోరియల్ 5040, అది పడుతుంది. 8 ఫాక్టోరియల్ 40320, అది పట్టదు. అప్పుడు 40320 లోంచి 65536 తీసివేయగా వచ్చే -25216 ను తెర మీద చూపుతుంది. ఒకటి నుంచి ఎనిమిది వరకు గుణిస్తే రుణసంఖ్య ఎలా వస్తుంది? నేటి కంపైలర్లలో పూర్ణాంకానికి సాధారణంగా 32 బిట్లు ఉంటాయి కాబట్టి 40320 సరిగానే వస్తుంది. ఇక్కడ మార్పు వల్ల తప్పు పోయింది. అక్కడ జవాబు అర్థమే మారింది. ఏది ఎటు మారిందో మనం కనిపెట్టి ఉండాలి.

పాతదే ఉంచుకుంటే పోదా?

ఇంత చిక్కు ఉన్నప్పుడు అసలు మార్చడం దేనికి? దీనికి 2017 మే నెల ఒక జవాబు చెప్పింది. వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతా పాకి, కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే మార్పును మైక్రోసాఫ్టు అంతకు రెండు నెలలముందే, మార్చిలోనే, విడుదల చేసింది. వేసుకున్నవారి యంత్రాలలోకి ఆ కన్నం గుండా అది దూరలేకపోయింది.

మన తెలుగు అక్షరానికే జరిగిన మరో ముచ్చట వినండి. 2018 ఫిబ్రవరిలో, "జ్ఞా" అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలో దాన్ని చూపించబోయిన ప్రోగ్రాము కూలిపోయేది. మన లిపిలోని ఒత్తులూ గుణింతాలూ కలిపి పేర్చడంలో దొర్లిన పొరపాటు అది. అదే నెల 19న వచ్చిన 11.2.6 మార్పుతో అది సర్దుకుంది. మార్పు వేసుకోనివారికి ఆ బాధ అలాగే ఉండిపోయేది.

లాభం కూడా చెప్పాలి కదా. పైథాను 2లో ముందుగా ఒక ప్రత్యేక వరుస రాయకుండా ప్రోగ్రాములో తెలుగు అక్షరం పెడితే తప్పు అనేది. పైథాను 3లో తెలుగు నేరుగా రాయవచ్చు. అంతేకాదు, ఒక చలరాశికి "వర్షం" అని తెలుగులోనే పేరు పెట్టవచ్చు!

మరమ్మతు చేసే పద్ధతి

వైద్యుడు నాడి చూడకుండా మందివ్వడు. మీరు కూడా ఈ క్రమం పాటించండి.

1. దేన్నీ చెరపవద్దు. మొదట మీ ప్రోగ్రాముకు ఒక నకలు తీసి పెన్‌డ్రైవులో దాచండి.

2. తెర మీది సందేశాన్ని నోటుపుస్తకంలో ఎక్కించండి. పైథానులో అయితే చివరి వరుసలో అసలు సంగతి ఉంటుంది. సీ కంపైలరులో అయితే మొట్టమొదటి తప్పునే ముందు చూడండి. తక్కిన చాలావాటికి అదే తల్లి.

3. "నమస్కారం" అని మాత్రమే తెర మీద చూపే ఒక్క వరుస ప్రోగ్రాము నడిపి చూడండి. అదీ నడవకపోతే జబ్బు వాతావరణంలో ఉంది, మీ ప్రోగ్రాములో కాదు. అది నడిస్తే లైబ్రరీలను ఒక్కొక్కటే చేర్చి చూడండి. ఏది చేరినప్పుడు ఆగిందో అక్కడే ఉంది చిక్కు.

4. ఇంటర్‌ప్రెటరు ఏ వెర్షనో, ఏ ఫోల్డరులోంచి వచ్చిందో అడగండి. మార్పుకు ముందు ఏముండేదో దానితో పోల్చండి.

5. పాత అర పాడైతే అతుకులు వేయకుండా కొత్తది కట్టండి. అయితే ఒక హెచ్చరిక. మీరు రాసిన ఫైళ్ళు ఆ అరలోనే ఉంటే ముందు బయటికి తీయండి. ఏయే లైబ్రరీలు ఉండేవో గుర్తులేకపోతే, పాత ఫోల్డరులోని పేర్లే ఆ జాబితా చెబుతాయి.

6. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. మన ప్రయోగశాల సూత్రమే ఇది. మూడు మార్పులు కలిపి చేస్తే, బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు.

7. ప్రోగ్రాము నడవగానే సంబరపడవద్దు. జవాబు ముందే తెలిసిన లెక్క ఒకటి ఇచ్చి సరిచూడండి. నాలుగవ తేడాను పట్టేది ఇదొక్కటే.

రాకముందే జాగ్రత్త

కె.సి. కాలువకు మరమ్మతులు ఎప్పుడు చేస్తారో గమనించారా? ఎండాకాలంలో, పొలాల్లో పైరు లేనప్పుడు నీళ్ళు కట్టేసి చేస్తారు. వరి పొట్టమీద ఉండగా ఎవరూ తూము విప్పరు. అలాగే పరీక్షలూ, సైన్సు ఫెయిరూ ముందున్నప్పుడు ఆపరేటింగు సిస్టమును మార్చవద్దు. సెలవుల్లో మార్చండి. లాబులో పది యంత్రాలుంటే మొదట ఒక్కదానిలో మార్చి, వారం చూసి, తక్కినవాటికి వెళ్ళండి. మార్చకముందే లైబ్రరీల పేర్లనూ వెర్షన్లనూ జాబితా రాయించి దాచండి. పైథానులో "పిప్ ఫ్రీజ్" అనే ఆజ్ఞ క్షణంలో ఆ జాబితా ఇస్తుంది. ఆ చిన్న కాగితం ఉంటే, ఎంత పెద్ద మార్పు వచ్చినా మీ అరను పూట తిరక్కుండా మళ్ళీ కట్టుకోవచ్చు.

మీరే ఆలోచించండి

32 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతిపెద్ద సంఖ్య 2147483647. ఒక విద్యార్థి 13 ఫాక్టోరియల్ కనుక్కోమని సీ ప్రోగ్రాము రాస్తే 1932053504 అని జవాబు వచ్చింది. ఇది తప్పని కంప్యూటరు లేకుండా, గుణకారం కూడా చేయకుండా, చివరి రెండు అంకెలు చూసి చెప్పవచ్చు. ఎలా? ఒకటి నుంచి పదమూడు వరకు ఉన్న సంఖ్యలలో 5, 10 ఉన్నాయన్న సంగతి గుర్తుంచుకోండి. తరువాత అసలు జవాబును కాగితం మీద కట్టి, దానిలోంచి 4294967296 తీసివేసి చూడండి. ఏం మిగిలిందో చూశాక, యంత్రం ఆ సంఖ్యను ఎక్కడినుంచి తెచ్చిందో మీకే బోధపడుతుంది.